పాసింగ్ 49, లోడు 59

పదమూడేళ్ల కిందట క్లీనరుగా లారీ ఎక్కి, ఇప్పుడు సొంత ట్రైలర్ నడుపుతున్న ఒకాయన రాసిన ఉత్తరం ఇది. ఊరూ పేరూ బయటపెట్టొద్దన్నారు. రెండేళ్ల కిందట ఆయనా, ఆయన అక్క మొగుడూ కలిసి సెకండ్ హ్యాండ్‌లో ఒక సెట్టు కొన్నారు. పది టైర్ల హార్సు, అంటే ముందుండి లాగే ఇంజిను బండి, ఈయన పేరు మీద, ఫైనాన్సులో. రెండు యాక్సిళ్ల (ఇరుసుల) ట్రైలర్ బావగారి పేరు మీద, రొక్కానికి. ఈయన బండి నడపాలి, బావగారు లోడ్లు మాట్లాడాలి, ఖర్చులు పోగా మిగిలింది చెరి సగం. రాయ్‌పూర్ వైపు ఇనుప బిల్లెట్లు వేసుకుని, జగదల్‌పూర్, కోరాపుట్ మీదుగా సుంకి ఘాట్ దిగి, సాలూరు దాటి విశాఖ పోర్టుకు చేరడం వాళ్ల లైను.

మొదటి పది నెలలూ పాసింగ్‌కి, అంటే ఆర్సీలో రాసిన బరువుకి, తగ్గట్టే నడిపారు. వాయిదాలు కట్టాక చేతిలో పెద్దగా ఏమీ ఆడలేదు. అప్పుడు బావగారు ట్రైలర్‌ని ఒక షెడ్డుకి తోలించి, వెనకాల మూడో యాక్సిల్ బిగింపించారు. ఆర్సీలో మాత్రం ఇప్పటికీ రెండే. కాగితాల ప్రకారం బండీ లోడూ కలిపి 49 టన్నులు, కాటా ఎక్కిస్తే 59. లోడింగ్ దగ్గర రెండు కాటా చీటీలు ఇస్తారట, బిల్లుకి ఒకటి, కిరాయి లెక్కకి ఇంకొకటి. ఎవరైనా ఆపి కాటాకి రమ్మంటే ఆగకుండా లాగించేయమని బావగారి సలహా.

“కిందటి నెల రాత్రి పదకొండు దాటాక ఘాట్ దిగుతున్నాను. ఎంత తొక్కినా బ్రేకు పట్టడం లేదు. అద్దంలో చూస్తే ట్రైలర్ చక్రాల దగ్గర పొగ. కొండవైపు మట్టికట్టకి ఒరిపించి ఎలాగో ఆపాను. క్లీనరు దూకి చక్రం కింద దిమ్మ పెట్టాడు. తిరిగి క్యాబిన్ ఎక్కాక చూస్తే వాడి చేతులు వణుకుతున్నాయి. వాడు మా బావ అన్న కొడుకే” అని రాశారు. ఇంటికొచ్చి చెబితే బావగారు, “ఘాట్‌లో ఎవడి బ్రేకు డ్రమ్ములు పొగలు రావు?” అన్నారు. అక్క ఫోన్ చేసి, “ఒరేయ్, ఆయన అప్పులు తీరేదాకా ఓపిక పట్టరా” అని ఏడ్చింది. భార్యేమో తాళాలు బావగారి చేతిలో పెట్టి వచ్చేయమంటోంది. ఆయన ప్రశ్నలు మూడు. మానేస్తే తప్పా? ఆర్టీఏ వాళ్లకి చెబితే అక్క సంసారం ఏమైపోతుంది? పట్టుబడితే జైలుకి పోయేది తానా, బావా?

*

తమ్ముడూ, మీ మూడు ప్రశ్నల దగ్గరికీ వస్తాను. ముందు మీరు అడగని సంగతి ఒకటుంది.

ఉత్తరం నాలుగో పేజీలో, ఖర్చుల లెక్క మధ్యలో ఒక ముక్క రాశారు. “ట్రైలర్ టైర్లు అయిదారు నెలలకే పోతున్నాయి. మూడో యాక్సిల్‌వి మాత్రం ఏడాది దాటినా కొత్తవాటిలా ఉన్నాయి, అవి మంచి కంపెనీవి” అని. అక్కడ ఆగిపోయాను. పాతికేళ్లు ఈ బళ్ల మధ్య గడిపినవాణ్ని, అంత మంచి కంపెనీ టైరు నాకెప్పుడూ తగల్లేదు. ఒకే ట్రైలర్ కింద, ఒకే దారిలో తిరిగిన టైర్లలో కొన్ని అరిగి కొన్ని అరక్కపోతే, అరగని వాటి మీద బరువు పడటం లేదని అర్థం.

కంపెనీ నుంచి మూడు యాక్సిళ్లతో వచ్చే ట్రైలర్‌లో కమాన్ కట్టల (ఇరుసు మీద బరువు మోసే స్ప్రింగు పట్టీల) మధ్య బరువు పంచే ఆడే లింకులుంటాయి. ఒక చక్రం గుంతలో దిగినా బరువు అన్నిటి మీదా దాదాపు సమంగా పడుతుంది. షెడ్డులో బిగించిన యాక్సిల్‌కి అలాంటి లింకు లేకపోతే, కట్ట ఎత్తు రెండంగుళాలు తేడా పడినా చాలు, అది గాలికి వేలాడుతున్నట్టే. మీ 59 టన్నుల్లో ముందు చక్రాలు, హార్సు వెనక చక్రాలు మోసేది పోగా, ట్రైలర్ చక్రాల మీదికి 30 టన్నుల దాకా వస్తుందనుకుందాం. రెండు యాక్సిళ్లకి చట్టం ఒప్పుకునేది 21. అంటే యాక్సిల్‌కి పదిన్నర మోయాల్సిన చోట మీవి పదిహేను మోస్తున్నాయి. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలో రోడ్డు వేసి, దాని మీద 1958 నుంచి 1960 దాకా లారీలు తిప్పి చూసిన పరీక్షలో తేలిందేమిటంటే, రోడ్డుకి జరిగే నష్టం యాక్సిల్ బరువుకి సుమారు నాలుగో ఘాతంలో పెరుగుతుంది. పదిన్నర పదిహేనైతే నష్టం నాలుగింతలు. రోడ్డు సంగతి మనకెందుకులే అని బావగారు అనొచ్చు. బేరింగులూ బ్రేకు లైనర్లూ కూడా మీవే కదా.

ఇక బ్రేకు. ఆ యాక్సిల్‌కి గాలి పైపు కలిపారా? కలిపి ఉంటే, బరువు లేని చక్రం బ్రేకు తొక్కగానే బిగుసుకుపోయి రోడ్డు మీద ఈడ్చుకుపోతుంది, టైరు ఒకచోట చదునుగా గీసుకుపోతుంది. అలాంటి మచ్చ ఉంటే మీరు రాసేవారే. మచ్చా లేదు, అరుగుదలా లేదు. నా అనుమానం, దానికి బ్రేకే లేదు. అదే నిజమైతే 49 టన్నులు ఆపడానికి చేసిన బ్రేకులతో మీరు 59 ఘాట్ దించుతున్నారు. ఘాట్ దిగేటప్పుడు బండి దిగిన ఎత్తంతా వేడిగా మారి డ్రమ్ముల్లోనే పోగుపడుతుంది. ఇంజిను బ్రేకింగూ ఎగ్జాస్ట్ బ్రేకూ కొంత తీసుకుంటాయి, మిగతాది లైనర్ల మీదే. ఒక హద్దు దాటాక లైనరు కాలుతుంది, కాలిన లైనరు జారుతుంది. ఆ రాత్రి మీరు చూసిన పొగ అదే. పొగ అందరికీ వస్తుందన్న బావగారి మాట సగం నిజం. పొగ వచ్చాక బండి పట్టకపోవడం అందరికీ జరగదు.

తేల్చుకోవడం పెద్ద పని కాదు. ఖాళీ బండిని చదునైన చోట నిలిపి, చక్రాలన్నిటికీ దిమ్మలు పెట్టి, గాలి నిండాక ఒకరు బ్రేకు తొక్కితే ఇంకొకరు పక్కనుంచి వంగి మూడో యాక్సిల్ బ్రేకు చాంబర్ చూడండి. లోపలి రాడ్డు బయటికి తన్నుకు రావాలి. రాలేదంటే అది ఉత్త ఇనుము. రాడ్డు వచ్చినా, మామూలు రోడ్డు మీద కాసేపు బ్రేకులు వాడి ఆగాక ఒక్కో డ్రమ్ము దగ్గరా అరచెయ్యి వెనక భాగం పెట్టి చూడండి, తాకొద్దు. అయిదు డ్రమ్ములు సెగ కొడుతూ ఆరోది చల్లగా ఉంటే, ఆ చల్లనిది పని చేయడం లేదు. ఈ పరీక్ష అయ్యేదాకా లోడుతో ఆ ఘాట్ దిగొద్దు. నేను సలహా చెప్పేవాణ్నే గానీ హుకుం జారీ చేసేవాణ్ని కాదు, ఈ ఒక్కదానికి మాత్రం మినహాయింపు.

ఇక జైలు సంగతి. మోటారు వాహనాల చట్టం 1988లో 113వ సెక్షను ప్రకారం ఆర్సీలో రాసిన బరువు దాటి నడపకూడదు, నడిపించకూడదు, నడవనివ్వకూడదు. ఈ మూడు మాటల్లో మీరూ ఉన్నారు, బావగారూ ఉన్నారు. 2019 సవరణ తర్వాత 194వ సెక్షను కింద జరిమానా 20,000, ఆపైన ఎక్కువైన ప్రతి టన్నుకీ 2,000. మీ పది టన్నులకి మొత్తం 40,000. అదనపు సరుకు దింపించే కూలి మీదే, దింపేదాకా బండి కదలదు. జరిమానా కట్టి అదే లోడుతో వెళ్లిపోయే ఏర్పాటు చెల్లదని సుప్రీంకోర్టు 2005లోనే చెప్పింది. ఆపకుండా లాగించేస్తే? తూకానికి ఒప్పుకోని డ్రైవరుకి విడిగా 40,000 ఉంది. ఆ సలహా ఇచ్చినాయన స్టీరింగ్ దగ్గర కూర్చోడు, గమనించండి.

ఓవర్‌లోడుకి మామూలుగా జైలు ఉండదు, జరిమానాయే. డ్రైవరుగా మీకు ఎక్కువ నొప్పి లైసెన్సుది. గూడ్సు బండిలో అధిక లోడు పట్టుబడితే కనీసం 3 నెలలు సస్పెండ్ చేయాలని సుప్రీంకోర్టు రోడ్డు భద్రతా కమిటీ 2015లో రాష్ట్రాలకు చెప్పింది. యాక్సిల్ కలపడం వేరే నేరం. కంపెనీ ఇచ్చిన రూపాన్ని అనుమతి లేకుండా మారిస్తే ఓనరుకి ఆరు నెలల దాకా జైలు గానీ, ఒక్కో మార్పుకి 5,000 జరిమానా గానీ, రెండూ గానీ. ట్రైలర్ బావగారి పేరున ఉంది కాబట్టి అది ఆయన మెడకి. ప్రాణం పోతే మాత్రం మొదట అడిగేది స్టీరింగ్ పట్టుకున్నవాణ్నే. భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షనులో నిర్లక్ష్యం వల్ల మరణానికి అయిదేళ్ల దాకా శిక్ష ఉంది. “ఓనరు చెప్పాడు, నేను నడిపాను” అనే డ్రైవర్లకి 113వ సెక్షనులోనే ఒక ఊతం ఉంది: డ్రైవరు ఓనరు కానప్పుడు, ఆ నేరం ఓనరుకి తెలిసే జరిగిందని కోర్టు అనుకోవచ్చు. మీ విషయంలో హార్సుకి ఓనరు మీరే. ఆ ఊతం మీకు సగమే అందుతుంది.

బీమా గురించి ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. బండికి జరిగిన నష్టం అడిగితే, ఆర్సీలో లేని యాక్సిల్‌ని చూపించి కంపెనీ చేతులెత్తేయడానికి బాగా వీలుంది. అవతలివాళ్లకి పరిహారం విషయంలో, ముందు కంపెనీని కట్టమని, తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకోమని కోర్టులు చాలా కేసుల్లో చెబుతుంటాయి. ఓనరు దగ్గర అంటే మీ ఇంటి దగ్గర.

రెండు చీటీల వ్యవహారం బరువు కేసు కూడా కాదు, పన్ను కేసు. ఈ-వే బిల్లులో ఉన్న తూకానికీ బండిలో ఉన్నదానికీ తేడా వస్తే జీఎస్టీ వాళ్లు సరుకునీ బండినీ కలిపి ఆపుతారు. పెనాల్టీ పన్నుకి రెండింతలు. అది సరుకు ఓనరు కట్టుకుంటాడులే అనుకోవచ్చు. ఆయన కట్టేదాకా నిలబడేది మీ హార్సు, తిరిగేది మీ వాయిదా.

ఇప్పుడు మీ ముందున్న దార్లు చూద్దాం.

మీ ఇంటావిడ చెప్పింది, తాళాలిచ్చేసి రావడం. ఆవిడ భయం నిజమే, దారి మాత్రం అనుకున్నంత తేలిక కాదు. మీరు దిగితే బావగారు ఇంకో డ్రైవరుని పెడతారు. హార్సు మీ పేరునే ఉంటుంది, అప్పూ మీ పేరునే. ఆర్సీలో పేరున్నవాడే ఓనరని సుప్రీంకోర్టు 2018లో తేల్చి చెప్పింది. అంటే ఘాట్‌లో ఇంకెవడో పొరపాటు చేస్తే నోటీసు మీకొస్తుంది, అదీ మీ అదుపులో లేని బండికి. మానాలంటే పూర్తిగా మానాలి: ఫైనాన్సు కంపెనీ ఒప్పుకుని అప్పు బావగారి పేరుకి మారాలి, ఆర్సీ మారాలి. అంతదాకా హార్సు తాళం మీ ఇంట్లోనే ఉండాలి. ఆయనకి అప్పు మార్చరంటే హార్సు అమ్మి అప్పు తీర్చడమే. రెండేళ్ల వాయిదాల్లో కొంత పోగొట్టుకుంటారు.

ఫిర్యాదు మీద నాకు అంత నమ్మకం లేదు. నీతి కోసం చెప్పడం లేదు. మీరు చెప్పే ప్రతి మాటలోనూ “నేను నడిపాను” అని ఉంటుంది. పద్నాలుగు నెలలు ఆ అదనపు టన్నుల డబ్బులో సగం మీరూ తీసుకున్నారు. ఉత్తరమంతా బావగారు చేయించారు, బావగారు అన్నారు అని ఉంది గానీ, ఈ సంగతి ఎక్కడా లేదు. కోప్పడటం లేదు, మీరు ఆయనతో మాట్లాడేటప్పుడు ఆయన మొదట తీసేది ఇదేనని చెబుతున్నా. మీరే ముందు ఒప్పేసుకుంటే ఆయన చేతిలో ఆ రాయి ఉండదు. బావగారు మీ మాట కాదని వేరే మనిషితో మీ హార్సు నడిపించబోతే మాత్రం రాతపూర్వకంగా అభ్యంతరం తెలపండి, ఆయనకొకటి, ఫైనాన్సు కంపెనీకొకటి. అప్పుడది చాడీ కాదు, మీ కాపుదల.

విడిపోకుండానే విడిపోయే దారి ఒకటుంది. హార్సూ ట్రైలరూ వేరు వేరు బళ్లు, వేరు వేరు రిజిస్ట్రేషన్లు. మీ హార్సుని పోర్టులో కంటెయినర్లు తిప్పేవాళ్ల దగ్గర అటాచ్ పెట్టొచ్చు, ట్రైలర్ వాళ్లది. లోడు తూకం వాళ్ల కాగితాల్లో ఉంటుంది, దూరాలు తక్కువ, రాత్రి చాలాసార్లు ఇంట్లో పడుకోవచ్చు. డబ్బు కూడా తక్కువే, ఖాళీగా నిలబడే రోజులుంటాయి. బావగారి ట్రైలర్ షెడ్డులో మిగిలిపోతుంది, అక్క ఫోన్లు పెరుగుతాయి. అటాచ్ పెట్టినా కలిపే ప్రతి ట్రైలర్‌కీ ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్), బీమా ఉన్నాయో లేదో చూసుకోండి. మీ హార్సు నంబరు ట్రైలర్ వెనక కనబడాలని చట్టం.

నాకు బాగా నచ్చింది ఇంకొకటి. అది బావగారితో లెక్క చూసుకోవడంతో మొదలవుతుంది. మీరు రాసిన అంకెలే తీసుకుంటాను. ఖాళీ సెట్టు బరువు 17 టన్నులు, లోడు 42, టన్నుకి 1,400 చొప్పున ట్రిప్పుకి 58,800. మూడో యాక్సిల్ పీకేస్తే ఖాళీ బరువు ఓ టన్ను తగ్గి 16 అవుతుందనుకుందాం, 49కే నడిపితే లోడు 33, కిరాయి 46,200. తేడా 12,600. బావగారి కళ్లకి కనబడుతున్నది ఇదే, నెలకి అయిదు ట్రిప్పులంటే 63,000. చిన్న మొత్తం కాదు, దాన్ని తేలిగ్గా మాట్లాడకండి.

ఇప్పుడు ఈ ట్రైలర్ అమ్మేసి, కంపెనీ నుంచే మూడు యాక్సిళ్లతో, ఆర్సీలోనూ మూడు యాక్సిళ్లతో ఉన్నది తీసుకున్నారనుకుందాం. 2018 జూలైలో కేంద్రం పెంచిన యాక్సిల్ బరువుల ప్రకారం ముందు యాక్సిల్ 7, హార్సు వెనక జంట 21, ట్రైలర్ మూడూ కలిపి 27, మొత్తం 55. ఖాళీ బరువు 17 పోతే లోడు 38, కిరాయి 53,200. అంటే మీ ఇద్దరి మధ్య గొడవ నిజానికి పది టన్నులది కాదు. నాలుగు టన్నులది, ట్రిప్పుకి 5,600 రూపాయలది. అందులో సగం ఆయన వాటా, 2,800. ఒక్కసారి పట్టుబడితే పోయే 40,000 అలాంటి ఏడు ట్రిప్పుల తేడా. అయిదారు నెలలకో టైర్ల సెట్టు, కాలిన లైనర్లు ఇందులో కలపలేదు.

దీనికో షరతుంది. హార్సు ఆర్సీలో లాగుడు బరువు, జీసీడబ్ల్యూ అంటారే, అది 55 ఉండాలి. 2018కి ముందు బండై, 49 అనే ఉంటే ట్రైలర్ మార్చి ప్రయోజనం లేదు. ఇవాళే ఆర్సీ తీసి చూడండి. ఇప్పుడున్న ట్రైలర్‌ని కాగితాల్లో మూడుగా ఎక్కించుకుందామనే ఆశ కూడా పెట్టుకోవద్దు, షెడ్డులో బిగించినదాన్ని బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు నిలబెట్టి అడగలేరు. అమ్మేముందు ఆ యాక్సిల్ తీయించండి, కొన్నవాడి నెత్తిన ఆ బరువు పెట్టొద్దు. కొత్త ట్రైలర్‌కి పెట్టుబడి కావాలి, బావగారికి అప్పులున్నాయన్నారు. ఆరేడు నెలలు 49కే నడిపి కూడబెట్టాల్సి రావచ్చు. ఆ నెలలు ఇద్దరికీ గడ్డుకాలమే.

ఆయనతో ఎక్కడ మాట్లాడాలో కూడా చెబుతాను. ఇంట్లో వద్దు. అక్క ఎదురుగా అసలొద్దు, అక్కడ ఆయన మొగుడైపోతారు, మీరు తమ్ముడైపోతారు, ట్రైలర్ మాట గుమ్మం దాటదు. యార్డుకి రమ్మనండి. బండి పక్కన, మూడో యాక్సిల్ టైరు మీద ఆయన చెయ్యి పెట్టించి, పక్క టైరు మీద కూడా పెట్టమనండి. అంతవరకూ మీరేం అనొద్దు. నా లెక్క ప్రకారం, మూడో యాక్సిల్ మోస్తోందనే ఆయన కూడా నమ్ముతున్నారు. షెడ్డువాడు ఇద్దర్నీ మోసం చేసి ఉండొచ్చు. మనిషికి తప్పు చేశావని చెబితే వినడు, మోసపోయావంటే కాసేపైనా ఆగుతాడు.

ఆయన ఒప్పుకుంటే అదే రోజు ఒక కాగితం రాసుకోండి. కాటా మీద పాసింగ్ దాటితే టార్పాలిన్ కట్టకముందే దింపించే హక్కు డ్రైవరుది, ఒకే తూకం చీటీ, జరిమానా పడితే ఎవరి వాటా ఎంత. చుట్టాల మధ్య కాగితమేంటని ఆయన నవ్వొచ్చు. ఫైనాన్సు కంపెనీ వాడు చుట్టం కాదు కదా, వాడు రాయించుకున్నాడు.

అక్కకి మాత్రం విడిగా ఫోన్ చేయండి. చట్టం, సెక్షన్లు ఆవిడకేం వద్దు. ఆ రాత్రి ఘాట్‌లో ఏం జరిగిందో మీరు నాకు రాసినంత వివరంగా ఆవిడకి చెప్పి ఉండరని నా అనుమానం. క్లీనరు చేతుల సంగతి చెప్పండి. వాడు ఆవిడ ఇంట్లో తిరిగే పిల్లాడు.

బ్రేకుల పరీక్ష అయ్యేదాకా వాణ్ని బండెక్కించకండి. వాడు అలిగితే నా పేరు చెప్పండి.